కంచె మీది అగ్నిశిఖ, అత్తారు డబ్బాలో సూరంజాన్

మోకాళ్ళ నొప్పులతో యునానీ దవాఖానా మెట్లెక్కిన మన పెద్దలకి ‘మాజూన్ సూరంజాన్’ పేరు కొత్త కాదు. చార్మినార్ పక్కనున్న నిజామియా దవాఖానా నుంచి చిన్న ఊళ్ళ హకీం సాబుల దాకా అందరి నుస్ఖాల్లోనూ అది కనిపిస్తుంది. ఆ సూరంజాన్ అనే గడ్డ కశ్మీర్ నుంచి, ఇరాన్ నుంచి మూటల్లో దక్కన్‌కి వచ్చేది. దాని సొంత ఖాందాన్‌కి చెందిన మొక్క ఒకటి మన నేల మీదే, తొలకరి పడగానే మొలిచి, కంచెలెక్కి, మంటలా పూసేది. దాని పేరు అగ్నిశిఖ.

రెండింటిలోనూ ఉన్న జహర్ ఒకటే. రెండింటిలోనూ ఉన్న షిఫా ఒకటే. అయినా వందల ఏళ్ళపాటు హకీంకి కంచె సంగతి పట్టలేదు. కంచె పక్కన బతికిన దాయమ్మకి హకీం కితాబు అందలేదు. ఈ రెండు పూల రిష్తా 1915లో గానీ బయటపడలేదు. ఆ రిష్తా కథే ఈ వ్యాసం. ఏడేళ్ళుగా నా పెరట్లో గోరింట కంచె మీద అగ్నిశిఖను పెంచుతున్నాను కాబట్టి, దాన్ని ఎలా సాకాలో కూడా చివర్లో చెప్తాను. పెంచాలంటే ముందు దాని తారీఖ్ తెలియాలి. తెలియకుండా పెరట్లో పెట్టుకోవాల్సిన పువ్వు కాదిది.

పేర్లలోనే ఉన్న ఖబర్దార్

చూడనివాళ్ళ కోసం చెప్తాను. అగ్నిశిఖ తీగ. ఏటా నేలలోని దుంప నుంచి కొత్తగా లేస్తుంది. దాని ఆకు చివర సన్నని నులితీగలా మెలి తిరిగి దొరికిన ఆధారాన్ని పట్టుకుంటుంది. పువ్వుకి ఆరు రేకులు. అంచులు అలల్లా వంకర్లు తిరిగి ఉంటాయి. పువ్వు తల కిందకి వేలాడుతుంది, రేకులు మాత్రం వెనక్కి మడిచి పైకి లేస్తాయి. మొదట పచ్చగా, తర్వాత పసుపుగా, నారింజగా, చివరికి ఎర్రగా మారుతుంది. ఒకే తీగ మీద ఈ రంగులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే కంచెకి నిప్పంటుకుంది అనిపిస్తుంది. మా ఇంట్లో దక్కనీలో ‘ఆగ్ కా ఫూల్’ అనేవాళ్ళు. మా నానీమా అయితే పువ్వు కనబడగానే పిల్లల్ని దూరంగా లాగేది. “హాత్ నక్కో లగా రే, జహర్ హై!” అనేది.

తెలుగులో దీన్ని అడవినాభి అని కూడా అంటారు. నాభి అంటే ఇక్కడ బొడ్డు కాదు, వసనాభి అనే పేరుమోసిన విషపు వేరు. అంటే మన తాతలు పేరులోనే ఖబర్దార్ అని రాసి పెట్టారు. కలప్పగడ్డ అనే పేరూ ఉంది. తమిళంలో కలప్పై అంటే నాగలి. సంస్కృత వైద్యులు పెట్టిన లాంగలి, హలిని పేర్లకీ అర్థం నాగలే. దుంపను తవ్వి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. రెండు కొమ్ములు కోణంగా కలిసిన నాగలి ఆకారం దానిది. తమిళం, సంస్కృతం, తెలుగు మాట్లాడేవాళ్ళంతా రైతు కళ్ళతోనే ఆ దుంపను చూశారు.

మరాఠీలో దీని పేరు ‘కళలావి’. కళ అంటే ప్రసవపు నొప్పి. నొప్పులు తెప్పించేది అని భావం. పురుడు ఆలస్యమైతే దాయీలు ఈ దుంపను నూరి బొడ్డు మీద, అరచేతులకి, అరికాళ్ళకి పట్టించేవాళ్ళని 19వ శతాబ్దపు వైద్య గ్రంథాలు నమోదు చేశాయి. సంస్కృతంలో దీనికున్న మరో పేరు గర్భఘాతిని. అదే గుణాన్ని అది మరింత కఠినంగా చెప్తుంది. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చింది. గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేయకుండా లోపలికి ఇవ్వకూడదని షరతు పెట్టింది.

భయం ఒక్కటే కాదు, మొహబ్బత్ కూడా ఉంది. సంగం సాహిత్యంలోని కుఱింజిప్పాట్టులో 99 పూల పట్టిక వస్తుంది. అందులో మొట్టమొదటి పేరు కాందళ్, అంటే ఇదే పువ్వు. తమిళ కవులు దీన్ని స్త్రీల వేళ్ళతో పోల్చారు. కొంకణ్‌లో గౌరీ పండుగకి ఈ పూలను తెచ్చి ‘గౌరీచే హాత్’, అంటే గౌరి చేతులు అంటారు. ఈ వేళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో కూడా ఇదే మాట ఎదురవుతుంది.

హెర్మెస్ వేలు

సూరంజాన్ కథ యూనాన్ నుంచి మొదలవుతుంది. నల్ల సముద్రం తూర్పు ఒడ్డున కొల్చిస్ అనే ప్రాంతం ఉండేది. నేటి జార్జియా అన్నమాట. ఆ పేరు మీదే ఈ మొక్కని కొల్చికమ్ అన్నారు. అది విషమని యూనానీలకి బాగా తెలుసు. కీళ్ళ నొప్పికి పనికొస్తుందని స్పష్టంగా రాసిన తొలి వైద్యుల్లో ఒకరు 6వ శతాబ్దానికి చెందిన అలెగ్జాండర్ ఆఫ్ ట్రాలెస్. ఇస్తాంబుల్‌లోని అయా సోఫియాని కట్టిన మేమార్ ఆంథీమియస్ ఈయన సొంత అన్నదమ్ముడే. ఒకరు గుంబద్ నిలబెట్టారు, ఇంకొకరు నడవలేని వాళ్ళని నిలబెట్టే దవా రాశారు. ఆ దవాకి యూనానీలో పేరు హెర్మోడాక్టైలస్. అంటే హెర్మెస్ దేవత వేలు. మన దగ్గర కాందళ్ వేళ్ళు, గౌరి చేతులు అయితే, అక్కడ హెర్మెస్ వేలు!

అరబ్బుల జమానా వచ్చాక ఈ ఇల్మ్ అరబీలోకి మారింది. మొక్కకి సూరంజాన్ అనే పేరు స్థిరపడింది. ఇబ్నె సీనా 11వ శతాబ్దం మొదట్లో రాసిన అల్ ఖానూన్‌లో సూరంజాన్ ఉంది. కీళ్ళకి మేలు, కడుపుకి చేటు అని అరబీ హకీములకి అప్పుడే ఎరుక. యునానీ పద్ధతిలో ఒక మంచి రివాజ్ ఉంది. ప్రతి దవా పక్కన దాని ‘ముజిర్’, అంటే అది చేసే నష్టం, దాని ‘ముస్లిహ్’, అంటే ఆ నష్టాన్ని సరిదిద్దే వస్తువు రాస్తారు. షిఫానీ జహర్‌నీ ఒకే పేజీలో పెట్టే ఈ అలవాటు నాకు చాలా ఇష్టం. సూరంజాన్ లాంటి మొక్క విషయంలో అది ప్రాణాలు కాపాడే అలవాటు.

రెండు రకాల సూరంజాన్ ఉందని హకీములు వేరు చేశారు. సూరంజాన్ షీరీన్ తియ్యనిది. సూరంజాన్ తల్ఖ్ చేదుది, ఎక్కువ విషం ఉన్నది. కశ్మీర్ కొండల్లో మంచు కరగగానే నేలను చీల్చుకుని పూసే పసుపు రంగు చిన్న పువ్వు ఈ తల్ఖ్ రకమే. లోపలికి ఇచ్చే మందుల్లో షీరీన్‌నే వాడాలన్నది వాళ్ళ ఎహతియాత్.

యూరప్‌లో మాత్రం దీని కడుపు ముజిర్‌కి భయపడి వైద్యులు శతాబ్దాలపాటు దూరం పెట్టారు. 1763లో వియన్నాకి చెందిన ఫాన్ స్టోర్క్ మళ్ళీ ముందుకు తెచ్చాడు. ఆ తర్వాత హుస్సాన్ అనే ఫ్రెంచి ఫౌజీ అఫ్సర్ ఒక రహస్య మందుని నిఖ్రిస్‌కి, అంటే గౌట్‌కి, అద్భుతమని అమ్ముకున్నాడు. అందులోని సీక్రెట్ కొల్చికమే అని 1814లో జాన్ వాంట్ అనే ఇంగ్లీషు వైద్యుడు కనిపెట్టాడు. వాళ్ళు పోగొట్టుకుని మళ్ళీ వెతుక్కున్న దాన్ని మన హకీములు ఆ మధ్య కాలమంతా డబ్బాల్లో భద్రంగా ఉంచుకున్నారు.

దక్కన్‌కి ఈ ఇల్మ్ ఇరానీ హకీములతో వచ్చి స్థిరపడింది. ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా హైదరాబాద్ కట్టించినప్పుడు 1595 ప్రాంతంలో దారుష్షిఫా కట్టించాడు. అక్కడ ఇలాజ్ జరిగేది, తిబ్ బోధించేవాళ్ళు. ఆ మొహల్లాకి ఇప్పటికీ అదే పేరు. గోల్కొండ రాళ్ళ మధ్య వానాకాలంలో అగ్నిశిఖ పూస్తున్న కాలంలోనే, కోటకి కొన్ని మైళ్ళ దూరంలో తిబ్ పాఠాలు నడిచాయి.

కితాబుకీ కంచెకీ మధ్య

హకీములు దేశీ మందుల్ని పట్టించుకోలేదని నేను అనడం లేదు. అలా అంటే నాఇన్సాఫీ అవుతుంది. 9వ శతాబ్దంలోనే అలీ ఇబ్నె రబ్బన్ అత్‌తబరీ తన ఫిర్దౌసుల్ హిక్మత్‌లో హిందూస్తానీ వైద్యానికి ఒక భాగం కేటాయించాడు. 1512లో మియా భువా సంస్కృత వైద్య గ్రంథాలు ముందు పెట్టుకుని ఫారసీలో ‘మాదనుష్షిఫా’ రాసి సికందర్ లోడీకి అంకితమిచ్చాడు. ఢిల్లీ హకీం షరీఫ్ ఖాన్ దేశీ మూలికల మీద ‘తాలీఫె షరీఫీ’ రాశాడు. వైద్యుడికీ హకీముకీ మధ్య రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి.

అయితే ఈ రెండు పూలని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటానికి దారి లేకపోయింది. ఎందుకంటే వాటి పనులు వేరు. సూరంజాన్ కీళ్ళ దవా. అది పెద్దమనుషుల మర్జ్‌కి వాడేది, కితాబుల్లో ఉండేది. లాంగలి పురుటి దవా. అది ఆడవాళ్ళ గదిలో ఉండేది, దాయమ్మ నోట ఉండేది. పైగా రూపంలో పోలికే లేదు. సూరంజాన్ మంచు నేల మీద పూసే పొట్టి పువ్వు. అగ్నిశిఖ వానల్లో కంచెలెక్కే తీగ. హకీం చేతికి వచ్చేది ఎండిన గడ్డే గానీ పువ్వు కాదు. పువ్వు చూడకుండా ఖాందాన్ చెప్పడం ఎవరికైనా కష్టమే.

అగ్నిశిఖను అచ్చులోకి ఎక్కించింది డచ్చివాళ్ళు. కొచ్చిన్‌లో డచ్చి కమాండర్‌గా ఉన్న వాన్ రీడ్ చేయించిన హోర్తుస్ మలబారికుస్ 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. అందులో ఈ తీగ ‘మెందోణి’ పేరుతో ఉంది. మలయాళీ పేరు మేందోన్ని అన్నమాట. ఆ పుస్తకానికి ఇల్మ్ ఇచ్చింది ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, ముగ్గురు కొంకణీ పండితులు. బొమ్మల మీద మొక్కల పేర్లు లాటిన్, మలయాళం, నాగరి లిపులతో పాటు అరబీ లిపిలో కూడా చెక్కారు. మలబార్ తీరంలో మూలికల తిజారత్ ఎవరెవరి భాషల్లో నడిచేదో ఆ నాలుగు లిపులే చెప్తాయి.

1753లో లిన్నేయస్ దీనికి గ్లోరియోసా సుపర్బా అని పేరు పెట్టాడు, పుట్టిల్లు మలబార్ అని రాశాడు. సుపర్బా అంటే వైభవం కలది, కాస్త గుమాన్ ఉన్నది అని కూడా. మన వైద్యులు దుంపను చూసి పేరు పెడితే ఆయన పువ్వును చూసి పెట్టాడు.

ట్రిప్లికేన్ డాక్టరు సాబు

ఈ తారీఖ్‌లో నన్ను ఆకట్టుకున్న మనిషి వేరే ఉన్నాడు. మద్రాసులో ట్రిప్లికేన్ దవాఖానాలో సర్జన్‌గా పనిచేసిన మొహిదీన్ షరీఫ్. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘మూదీన్ షెరీఫ్’ అని ఉంటుంది. 1868లో వేరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఆధ్వర్యంలో సర్కారు ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’ వెలువడింది. మరుసటి ఏడాదే, 1869లో, షరీఫ్ సాబు దానికి అనుబంధం తెచ్చాడు.

ఆ అనుబంధం అసలు మక్సద్ పేర్ల గందరగోళాన్ని విడదీయడం. అత్తారు దుకాణంలో ఒక పేరు అడిగితే మరో గడ్డ ఇస్తే రోగి గతేమిటి? అందుకని ఒక్కో మూలికకి హిందూస్తానీలో ఏమంటారు, దక్కనీలో ఏమంటారు, అరబీ, ఫారసీ, తమిళం, తెలుగు, ఇంకా ఇతర భాషల్లో ఏమంటారు అని వరుసగా రాశాడు. బజారులో దొరికే నమూనాల్ని స్వయంగా పోల్చి చూశాడు. హకీముల భాష, దాయీల భాష, ఇంగ్లీషు డాక్టర్ల భాష మూడూ వచ్చిన మనిషి చేయగల పని అది. కితాబుకీ కంచెకీ మధ్య వంతెన వేయడం మొదలుపెట్టినవాడు నా దృష్టిలో ఆయనే.

అగ్నిశిఖ విషయంలో ఆయన మరీ ముందుకెళ్ళాడు. అందరూ ఘోర విషం అంటున్న దుంపను కొద్ది కొద్ది మోతాదుల్లో తన మీదే పరీక్షించుకున్నాడు. అనుకున్నంత భయంకరం కాదని, కొద్దిగా వాడితే బలం ఇచ్చే దవా అని రాశాడు. ఆ రోజుల్లో డాక్టర్లు ఇలాంటి తజురుబాలు తమ మీద చేసుకోవడం మామూలే. కానీ దుంపలో ఏముందో ఆయనకి చెప్పగల రసాయనశాస్త్రం అప్పటికి ఇక్కడికి రాలేదు. ఇప్పుడు చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. తెగువ ఆయనది. ప్రాణం దక్కడం మాత్రం అల్లాహ్ మెహర్బానీ.

రిష్తా బయటపడిన రోజు

1820లో పారిస్‌లో పెల్లెతియే, కవాంతూ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కొల్చికమ్ నుంచి దాని సారాన్ని వేరు చేశారు. మలేరియాకి క్వినైన్ వేరు చేసింది కూడా ఆ ఇద్దరే, ఆ ఏడాదే. 1833లో జర్మనీకి చెందిన గైగర్ ఆ సారానికి కొల్చిసీన్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత 1915లో క్లూయర్, గ్రీన్, ట్యూటిన్ అనే ముగ్గురు బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు అగ్నిశిఖ దుంపలను పరీక్షించారు. వాటిలో కనిపించింది అదే కొల్చిసీన్.

అలా హకీం డబ్బాలోని సూరంజాన్, దాయమ్మ నూరిన కళలావి ఒకే సారం మోస్తున్నాయని తేలింది. ఇప్పటి వృక్షశాస్త్రం రెండింటినీ కొల్చికేసీ అనే ఒకే కుటుంబంలో పెట్టింది. పన్నెండు, పదమూడు శతాబ్దాల పాటు వేర్వేరు గదుల్లో, వేర్వేరు పేర్లతో బతికిన రెండు చుట్టరికాలు లాబొరేటరీలో కలుసుకున్నాయి.

కొల్చిసీన్ పని చేసే తీరు కూడా వినండి. జీవకణం రెండుగా విడిపోవడానికి లోపల సన్నని దారాల్లాంటివి అల్లుకోవాలి. కొల్చిసీన్ ఆ అల్లికని ఆపేస్తుంది. కొద్ది మోతాదులో కీళ్ళ దగ్గరికి పరుగెత్తే తెల్లకణాల హడావిడి తగ్గుతుంది, వాపు దిగుతుంది. మోతాదు మించితే ఒంట్లో కొత్త కణాలు పుట్టడమే ఆగిపోతుంది. దవా, జహర్ రెండూ ఒకే పని. తేడా అంతా మోతాదులోనే.

1937లో బ్లేక్‌స్లీ, ఏవరీ అనే అమెరికన్లు మొక్కల మీద దీన్ని వాడితే క్రోమోజోములు రెట్టింపవుతాయని చూపించారు. జపాన్‌లో కిహారా అదే పద్ధతిలో గింజల్లేని పుచ్చకాయ తయారు చేశాడు. అరబ్బుల్లో, తుర్కుల్లో, ఆర్మేనియన్లలో, యూదుల్లో తరతరాలుగా పీడించే మధ్యధరా జ్వరానికి 1972 నుంచి ఇదే మందు. 2023లో అమెరికా ఔషధ సంస్థ తక్కువ మోతాదు కొల్చిసీన్‌ని గుండె జబ్బుకి కూడా ఒప్పుకుంది. ఇంత పనీ మన కంచె మీది పువ్వు లోపల ఉన్న వస్తువుది.

తోటలోంచి మండీకి

అసలు బాధ ఇక్కడే మొదలవుతుంది. విలువ తెలిసిన మరుక్షణం తవ్వకం మొదలైంది. అగ్నిశిఖ దుంప ఒకసారి తవ్వి తీస్తే అక్కడ ఆ మొక్క కథ ముగిసినట్టే. అడవుల్లో ఇది తగ్గిపోతోందని శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. మన వైపు ఇంకో దెబ్బ కూడా ఉంది. ముళ్ళ కంచెలు, గోరింట కంచెలు పోయి సిమెంటు స్తంభాలు, ఇనుప తీగలు వచ్చాయి. పొలం గట్ల మీద కలుపు మందు కొడుతున్నారు. అగ్నిశిఖకి ఇల్లే కంచె. కంచె పోతే అది ఎక్కడికి పోవాలి?

తమిళనాడు రైతులు దీన్ని పంటగా మార్చారు. దిండిగల్ జిల్లా ఒడ్డంచత్రం, తిరుప్పూర్ జిల్లా మూలనూర్, ధారాపురం, కరూర్ వైపు, అటు వేదారణ్యం తీరంలో ఎకరాలకి ఎకరాలు కన్వలిక్కిళంగు పేరుతో సాగు చేస్తున్నారు. గింజల్లో కొల్చిసీన్ ఎక్కువ కాబట్టి దుంపలకంటే గింజలకే గిరాకీ. అవి ఎక్కువగా విదేశీ మందుల కంపెనీలకి వెళ్తాయి. పూత కాలంలో పొద్దున్నే కూలీలు, ఎక్కువగా ఆడవాళ్ళు, పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దుతారు. అలా అద్దితేనే కాయ బాగా నిలబడుతుంది. ధర ఒక ఏడాది ఆకాశంలో, మరో ఏడాది నేల మీద. ఆ మందు బిళ్ళ మింగే మనిషికి ఆ చేతులు కనబడవు.

ఇదే పువ్వు తమిళనాడు రాష్ట్ర పుష్పం. జింబాబ్వేకి జాతీయ పుష్పం. 1947లో ఇంగ్లండ్ రాకుమారి ఎలిజబెత్ 21వ పుట్టినరోజుకి అప్పటి దక్షిణ రొడీషియా బడిపిల్లల పేరుతో ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రోచ్ ఇచ్చారు. శ్రీలంకలో ఈలం తమిళులకి చనిపోయిన తమవాళ్ళని తలచుకునే పువ్వు ఇదే. ఇన్ని జెండాల మీద, ఇన్ని గుండెల మీద ఉన్న పువ్వుకి మన పొలం గట్టు మీద జాగా లేకుండా పోతోంది.

పెరట్లో సాకే తరీఖా

అందుకే పెంచమంటున్నాను. అడవిలోంచి తవ్వి తేవద్దు. సాగు చేసే రైతు దగ్గర గానీ నర్సరీలో గానీ దుంప కొనండి. దుంపను పట్టుకునేటప్పుడు కొమ్ముల కొనలు చూసుకోండి. మొలక వచ్చేది అక్కడి నుంచే. కొన విరిగితే ఆ కొమ్ము మొలవదు. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

నాటడానికి మంచి వేళ తొలకరి, అంటే జూన్. నీళ్ళు నిలవని నేల కావాలి. ఇసుక కలిసిన ఎర్రమట్టి దీనికి జన్నత్. నల్లరేగడిలో పెట్టాలంటే ఇసుక, పశువుల ఎరువు బాగా కలిపి మట్టిని గుల్ల చేయండి. మూడు నాలుగు అంగుళాల లోతులో దుంపను పడుకోబెట్టి మట్టి కప్పండి. కుండీ అయితే అడుగైనా లోతు ఉండాలి, అడుగున రంధ్రాలు ఉండాలి.

మొలక లేచాక తీగకి సన్నని ఆధారం ఇవ్వండి. ఆకు కొన చుట్టుకోవాలి కాబట్టి లావాటి స్తంభం పనికిరాదు. కంది పుల్లలు, వెదురు బద్దలు, గోరింట కొమ్మలు బాగుంటాయి. తీగ చాలా నాజూకు. గాలికి కొన విరిగితే ఆ ఏటి పూత తగ్గుతుంది. పొద్దుటి ఎండ నిండుగా, మధ్యాహ్నం కొంచెం నీడ ఉంటే చాలు. వానలు సరిగ్గా పడితే నీళ్ళు పోయక్కర్లేదు.

పూత ఆగస్టు చివర్లో మొదలై కార్తీకం దాకా సాగుతుంది. సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు చేరతాయి. ఆ తర్వాత తీగ పసుపుబారి ఎండిపోతుంది. కొత్తగా పెంచేవాళ్ళు ఇక్కడ మొక్క చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తారు. అది నిద్రపోతోంది. నీళ్ళు పూర్తిగా ఆపేయాలి. నిద్రలో తడి తగిలితే దుంప కుళ్ళిపోతుంది. పాత దుంప ఏటా కరిగిపోయి, దాని చోట కొత్త నాగలి తయారవుతుంది. వచ్చే తొలకరికి అదే లేస్తుంది. గింజ నుంచి కూడా పెంచొచ్చు గానీ సబర్ కావాలి. గింజ మొలవడమే ఆలస్యం. పూయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. నా కంచె మీద ఇప్పుడున్న మూడు తీగల్లో ఒకటి గింజ నుంచి వచ్చినదే.

ఇక ఖబర్దార్. చిన్నపిల్లలు చేయి పెట్టే చోట, మేకలు, కుక్కపిల్లలు తిరిగే చోట దీన్ని పెట్టొద్దు. చిలగడదుంప, కంద, పెండలం వేసిన మడికి దగ్గర అసలే పెట్టొద్దు. తినే దుంప అనుకుని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ కేసులు దక్షిణాది ఆసుపత్రుల రికార్డుల్లో ఉన్నాయి. దుంప, ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. తిన్న కొన్ని గంటలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తగ్గినట్టే అనిపించి రెండు మూడు రోజుల్లో ఒంట్లోని అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు. తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పెద్ద దవాఖానాకి పరుగెత్తాలి. మొక్క కొమ్మ కూడా వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకి గుర్తుపట్టడం తేలికవుతుంది.

కీళ్ళ నొప్పికి పనికొస్తుందట కదా అని పెరట్లో దుంప ముట్టుకోకండి. ఇబ్నె సీనా రాసిందీ, అత్తారు అమ్మిందీ, డాక్టరు ఇచ్చే బిళ్ళా మోతాదు లెక్క తెలిసినవాళ్ళ చేతుల్లోవి. కంచె మీది పువ్వుకి ఆ లెక్క లేదు. నేల మారితే, వాన మారితే దానిలోని జహర్ కూడా మారుతుంది. మొహిదీన్ షరీఫ్ సాబు చేసిన తజురుబా ఆయనతోనే ఆగిపోవాలి.

మరి తినడానికి కాని పువ్వుని, మందుకి వాడుకోలేని పువ్వుని ఎందుకు పెంచాలి అని ఓ దోస్త్ అడిగాడు. నా జవాబు ఇది. హకీములు సూరంజాన్‌ని డబ్బాలో దాచారు కాబట్టి యూరప్ మరిచిపోయినా ఆ ఇల్మ్ బతికింది. దాయమ్మలు కళలావిని గుర్తుపట్టగలిగారు కాబట్టి దాని గుణం మనదాకా వచ్చింది. ఇద్దరూ ఒక్కో అమానత్ మోశారు. మన వంతుకి వచ్చిన అమానత్ చిన్నది, కంచె మీద ఒక తీగ బతికేలా చూడటం, దాని పేరూ దాని ఖతరా పిల్లలకి నేర్పడం. పువ్వుని చూసి “జహర్ హై” అని చెప్పగలిగిన నానీమాలు తగ్గిపోతున్నారు. ఆ మాట చెప్పడానికి ముందు పువ్వు అంటూ ఉండాలి కదా. వచ్చే తొలకరికి ఒక దుంప నాటండి.